వేలితో తడిమి నేర్చుకునే అనాటమీ: రోజుకు ఇరవై నిమిషాల పాఠాలు

నర్సింగ్, ఫిజియోథెరపీ, ఎంబీబీఎస్, ఈసీజీ టెక్నీషియన్... ఏ కోర్సులో చేరినా మొదటి ఏడాదే ఎదురయ్యే సబ్జెక్టు అనాటమీ. పెద్దవాళ్ల ఒంట్లో 206 ఎముకలు, ఆరు వందలకు పైగా కండరాలు, వాటి సందుల్లోంచి వెళ్లే నరాలూ రక్తనాళాలూ ఉంటాయి. పుస్తకం ముందేసుకుని మొదటి పేజీ నుంచి బట్టీ పడితే వారం తిరిగేసరికి చాలావరకు ఎగిరిపోతుంది. పేరు ముందు తలకెక్కి, ఆ పేరున్న వస్తువు ఎక్కడుందో తెలియకపోవడమే దీనికి కారణం. ఈ పాఠాల్లో వరస తిరగేశాం. ముందు మీ ఒంటి మీద వేలితో వెతికి పట్టుకోండి, కదిపి చూడండి, అది ఏం పని చేస్తుందో తెలుసుకోండి. పేరు ఆ తర్వాతే.

చెయ్యి దగ్గర ఎక్కువసేపు ఆగుతాం. ఒక చేతిని రెండో చేత్తో తడమొచ్చు, ఎముకలు పైపైనే తగులుతాయి, నరాల పని వేళ్ల మీదే పరీక్షించుకోవచ్చు. చెయ్యి బాగా వస్తే కాలు సగం వచ్చినట్టే, ఎందుకంటే రెండింటి నిర్మాణం దాదాపు ఒకే పద్ధతిలో ఉంటుంది.

కావాల్సినవి, టైము పంచుకునే తీరు

ఒక కాటుక పెన్సిల్, చెరపడానికి కొబ్బరి నూనె, దూది, టైలరు వాడే టేపు, గీతల్లేని తెల్ల నోటుపుస్తకం. స్టెతస్కోపు ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు. చర్మం మీద స్కెచ్ పెన్నుతో గీయకండి. అది ఓ పట్టాన పోదు, మర్నాటి గీతలూ నిన్నటి గీతలూ కలిసిపోతాయి.

ఇరవై నిమిషాలను ఇలా పంచుకోండి. మొదటి 5 నిమిషాలు నిన్నటి పాఠం బొమ్మ పుస్తకం చూడకుండా గీయాలి. తర్వాత 8 నిమిషాలు తడమడం, కదపడం, ఒంటి మీద గీయడం. 4 నిమిషాలు పుస్తకం తెరిచి పేర్లు, అతుకులు సరిచూసుకోవడం. చివరి 3 నిమిషాలు పుస్తకం మూసేసి పైకి చెప్పడం. ఒక పాఠంలో కొత్త పేర్లు ఎనిమిది దాటనివ్వకండి. ఉత్సాహంలో పాతిక పేర్లు పెట్టుకుంటే మర్నాడు మొదటి 5 నిమిషాల్లోనే చేతులెత్తేస్తారు.

బొమ్మ అందంగా రావక్కర్లేదు. రెండు గీతలు ఎముక, దాని మీద ఒక గీత కండరం, ఏది దేని పక్కన ఉందో తెలిస్తే చాలు. రంగులు నింపుతూ గంటలు గడిపేవాళ్లకు పేజీ గుర్తుంటుంది గానీ ఆ అవయవం పక్కన ఏముందో గుర్తుండదు.

మొదటి పాఠం: నిలబడే తీరు, దిక్కులు

నిటారుగా నిలబడి, చేతులు పక్కకు వదిలి, అరచేతులు ముందుకు తిప్పండి. ఇదే అనాటమికల్ పొజిషన్. ఎక్కడ ఏముందో చెప్పేటప్పుడు మనిషి ఇలా నిలబడి ఉన్నాడనే అనుకోవాలి, మంచం మీద బోర్లా పడుకుని ఉన్నా సరే. అరచెయ్యి ముందుకు తిప్పడం మర్చిపోవడం దగ్గరే తప్పులు మొదలవుతాయి. చేతులు మామూలుగా వేలాడదీస్తే బొటనవేలు ముందుకో తొడ వైపుకో ఉంటుంది. అరచెయ్యి ముందుకు తిప్పితే బొటనవేలు బయటి వైపుకు వెళ్తుంది. అందుకే బొటనవేలి వైపు ఎప్పుడూ లేటరల్, చిటికెన వేలి వైపు మీడియల్.

మధ్యగీతకు దగ్గరైతే మీడియల్, దూరమైతే లేటరల్. ముందు యాంటీరియర్, వెనక పోస్టీరియర్. చేతులూ కాళ్ల విషయంలో మొదలుకు దగ్గరైనది ప్రాక్సిమల్, దూరమైనది డిస్టల్. పైన చర్మం వైపు సూపర్‌ఫిషియల్, లోపల డీప్. వీటితో పది వాక్యాలు మీరే అల్లి పైకి చెప్పండి: మోచెయ్యి మణికట్టుకు ప్రాక్సిమల్, ముక్కు చెవికి మీడియల్, ఇలా. ఇంకో మాట. ఎడమ, కుడి ఎప్పుడూ ఎదుటి మనిషివే, చూసే మీవి కావు. పుస్తకంలో బొమ్మ కూడా మీకు ఎదురుగా నిలబడిన మనిషే.

రెండో పాఠం: గొంతు గుంట నుంచి వేలి కొస దాకా ఎముక వదలకుండా

గొంతు కింద రెండు ఎముకల మధ్య ఉన్న గుంటలో వేలు పెట్టండి. అక్కణ్ణుంచి పక్కకు జరిపితే క్లావికల్ తగులుతుంది. వేలు ఎత్తకుండా దాని మీదే భుజం కొస దాకా వెళ్లండి. మధ్యలో ఒంపు తిరిగినట్టు తెలుస్తుంది. మధ్య భాగం, బయటి మూడో వంతు కలిసే చోట ఇది బలహీనం. బండి మీద నుంచి భుజం ఆనేలా పడినప్పుడు సాధారణంగా అక్కడే విరుగుతుంది. భుజం కొసన బల్లపరుపుగా తగిలేది స్కాపులా (రెక్క ఎముక)లోని అక్రోమియన్. దీన్ని ఇప్పుడే కాటుకతో గీసుకోండి, సూదిమందు పాఠంలో పనికొస్తుంది.

దండ చేతిలో హ్యూమరస్ చుట్టూ కండ ఎక్కువ, సరిగా దొరకదు. మోచెయ్యి దగ్గర మళ్లీ పైకి తేలుతుంది: లోపలి వైపు బాగా పొడుచుకొచ్చిన ముడి మీడియల్ ఎపికాండైల్, బయటి వైపు చిన్నది లేటరల్ ఎపికాండైల్. వెనక బల్లకు ఆనే మొన ఒలిక్రనాన్, అది అల్నా ఎముకది. ఒలిక్రనాన్ నుంచి చిటికెన వేలి వైపు మణికట్టు దాకా వేలు జార్చండి. అల్నా పొడుగునా చర్మం కిందే తగులుతుంది. బొటనవేలి వైపున్న రేడియస్ అలా కాదు, పైసగం కండలో దాక్కుంటుంది, కిందిసగమే దొరుకుతుంది.

మణికట్టు నుంచి కిందికి 27 ఎముకలు: మణికట్టులో 8, అరచేతిలో 5, వేళ్లలో 14. బొటనవేలికి రెండే ముక్కలు, మిగతా వేళ్లకు మూడేసి. మణికట్టులోని ఎనిమిది పేర్లను ఇప్పుడే బట్టీ పట్టకండి. స్కేఫాయిడ్, పిసిఫామ్ ఈ రెండు చాలు, మిగతావి రెండో విడతలో.

మూడో పాఠం: మోచేతి త్రికోణం, ముంజేతి మెలిక

మోచెయ్యి 90 డిగ్రీలు వంచి రెండు ఎపికాండైల్స్ మీద, ఒలిక్రనాన్ మీద మూడు చుక్కలు పెట్టండి. వెనక నుంచి చూస్తే త్రికోణం. ఇప్పుడు చెయ్యి పూర్తిగా చాపండి, మూడూ ఒకే గీత మీదకు వస్తాయి. కీలు జారితే ఈ లెక్క తప్పుతుంది. హ్యూమరస్ కీలుకు పైన విరిగితే, మోచెయ్యి ఎంత వాచినా మూడు చుక్కల లెక్క మారదు, ఎందుకంటే ఆ మూడూ విరిగిన చోటుకు కిందే ఉన్నాయి. ఎక్స్‌రేకి ముందే వేళ్లతో తేడా పట్టే పద్ధతి ఇది.

తర్వాత లేటరల్ ఎపికాండైల్‌కు ఒక వేలెడు కింద నొక్కిపట్టి, అరచేతిని పైకీ కిందికీ తిప్పండి. వేలి కింద గుండ్రంగా తిరిగేది రేడియస్ తల. అల్నా మీద వేలు పెట్టి అదే పని చేయండి, అది అలా తిరగదు. అరచెయ్యి కిందికి తిప్పినప్పుడు రేడియస్ వెళ్లి అల్నా మీద అడ్డంగా పడుతుంది. ముంజేతి కదలికలకు మూలం ఈ ఒక్క సంగతే. దీన్ని చేత్తో చూసినవాళ్లకు తర్వాతి పాఠం తేలిక.

నాలుగో పాఠం: కండరం పని బట్టీ పట్టక్కర్లేదు

కండరం ఎక్కడ మొదలై ఎక్కడ అతుక్కుందో, మధ్యలో ఏ కీలు దాటిందో తెలిస్తే దాని పని దానంతటదే వస్తుంది. కండరం దగ్గరకు ముడుచుకోగలదు, అంతే. తోయడం దానికి రాదు.

బైసెప్స్ తీసుకోండి. దాని రెండు తలలూ స్కాపులా మీద మొదలవుతాయి, హ్యూమరస్‌కు ఎక్కడా అతుక్కోవు. కింది కొస రేడియస్‌కు అతుక్కుంటుంది. రేడియస్ తిరిగే ఎముక అని ఇందాకే చూశారు. అంటే బైసెప్స్ ముడుచుకుంటే మోచెయ్యి వంగడమే కాదు, ముంజెయ్యి కూడా అరచెయ్యి పైకొచ్చేలా తిరగాలి. పరీక్షించండి. మోచెయ్యి 90 డిగ్రీలు వంచి, అరచెయ్యి కిందికి పెట్టి, రెండో చెయ్యి బైసెప్స్ మీద వేయండి. ఇప్పుడు మోచెయ్యి కదలకుండా అరచేతిని గట్టిగా పైకి తిప్పండి. కండ ఉబ్బుతుంది. కుడిచేత్తో స్క్రూ బిగించేటప్పుడు వచ్చే బలం ఇదే, విప్పేటప్పుడు ఈ కండరం సాయం ఉండదు.

దాని కింద దాగిన బ్రాకియాలిస్ హ్యూమరస్ మీద మొదలై అల్నాకు అతుక్కుంటుంది. అల్నా తిరగదు కాబట్టి బ్రాకియాలిస్‌కు తిప్పే పని లేదు, వంచడమే. అరచెయ్యి ఎటు తిరిగి ఉన్నా మోచెయ్యి వంచే ప్రధాన కండరం అదే. చూడండి, ఈ రెండు కండరాల పనులూ పుస్తకం తెరవకుండానే వచ్చేశాయి. ప్రతి కండరాన్నీ ఇలాగే అడగండి: ఏ ఎముక నుంచి ఏ ఎముకకు, ఏ కీలుకు ముందు నుంచా వెనక నుంచా?

వేళ్లు ముడిచే కండరాల సంగతీ ఇక్కడే చూసేయండి. ముంజేతి లోపలివైపు పట్టుకుని వేళ్లు ఆడించండి. కండ కదిలేది ముంజేతిలో. వేళ్లలో కండరాలు లేవు, అక్కడికి వెళ్లేవి టెండాన్లు, అంటే కండరం కొసన ఉండే తాళ్లు, మాత్రమే.

భుజానికి వేసే సూదిమందు డెల్టాయిడ్ కండరంలోకి. రెండో పాఠంలో గీసిన అక్రోమియన్ అంచుకు రెండు మూడు వేళ్ల వెడల్పు కింద, కండ బాగా ఉన్న చోట. మరీ పైన వేస్తే మందు భుజం కీలు దగ్గరి సంచిలోకి పోయి వారాల తరబడి నొప్పి ఉంటుంది. మరీ కిందికీ వెనక్కీ జరిగితే ఎముకను చుట్టి వెళ్లే ఎగ్జిలరీ నరం ఉంది. కొలత ఎందుకో తెలిసిన చెయ్యి చోటు తప్పదు.

అయిదో పాఠం: మణికట్టు ముందు భాగం

ఈ పాఠాల్లో దేన్ని వదిలేసినా దీన్ని వదలకండి. పిడికిలి బిగించి మణికట్టు కొద్దిగా లోపలికి వంచండి. తాళ్లలా లేచి నిలబడేవి నరాలు కావు, టెండాన్లు. బొటనవేలి వైపు నుంచి లెక్కపెడితే మొదటి లావు తాడు ఫ్లెక్సర్ కార్పై రేడియాలిస్. మధ్యలో సన్నగా, అన్నిటికంటే పైకి తేలేది పాల్మారిస్ లాంగస్. చిటికెన వేలి వైపు చివరది ఫ్లెక్సర్ కార్పై అల్నారిస్, అది వెళ్లి గుండ్రటి చిన్న ఎముకకు, అంటే పిసిఫామ్‌కు అతుక్కుంటుంది.

మధ్య తాడు దొరక్కపోతే బొటనవేలి కొసనూ చిటికెన వేలి కొసనూ కలిపి మణికట్టు వంచండి. అయినా లేకపోతే కంగారు వద్దు, కొందరికి పుట్టుకతోనే ఈ కండరం ఉండదు, ఒక చేతికి ఉండి రెండో చేతికి లేకపోవడమూ ఉంది. పట్టులో ఇబ్బందేమీ రాదు. అందుకే వేరే చోట టెండాన్ తెగితే సర్జన్లు దీన్ని తీసి అక్కడ వాడతారు.

ఇప్పుడు నాడి. ఫ్లెక్సర్ కార్పై రేడియాలిస్ తాడుకు బయటి పక్కన, రేడియస్ ఎముక మీద, రెండు వేళ్లతో మెత్తగా ఆనించండి. నాడి దొరకడం లేదనే వాళ్లు సాధారణంగా చేసే తప్పులు రెండు: మణికట్టు మధ్యలో తాళ్ల మీద వెతకడం, గట్టిగా నొక్కేయడం. గట్టిగా నొక్కితే ధమని మూసుకుపోయి కొట్టుకోవడం ఆగిపోతుంది. బొటనవేలితో చూడకండి, దానిలోని నాడే మీకు తగలొచ్చు. ఇదే పద్ధతిలో మెడ దగ్గర కెరోటిడ్ నాడి చూడొచ్చు గానీ, రెండు వైపులా ఒకేసారి ఎప్పుడూ నొక్కకూడదు, కళ్లు తిరిగి పడిపోతారు.

మొదటి రెండు తాళ్ల మధ్య, కాస్త లోతుగా మీడియన్ నరం ఉంది. అక్కణ్ణుంచి అది తొమ్మిది టెండాన్లతో కలిసి కార్పల్ టన్నెల్ అనే ఇరుకు దారిలోంచి అరచేతిలోకి వెళ్తుంది. ఆ దారిలో వాపు వస్తే మొదట నలిగేది నరమే: బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతాయి, ముఖ్యంగా రాత్రిపూట. గాజు పెంకు గీరుకుని మణికట్టు మధ్యలో తెగిన గాయం చిన్నదిగా కనిపించినా తేలిగ్గా తీసుకోకూడదనేది కూడా ఈ నరం కోసమే.

ఆరో పాఠం: బొటనవేలి మొదట్లో గుంట

బొటనవేలిని వెనక్కి విరుచుకోండి. మణికట్టు పక్కన మూడు మూలల గుంట పడుతుంది, అనాటమికల్ స్నఫ్ బాక్స్. దాని అడుగున తగిలే ఎముక స్కేఫాయిడ్. చెయ్యి చాపి నేల మీద పడిన మనిషికి ఈ గుంటలో నొక్కితే నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రేలో ఏమీ కనిపించకపోయినా స్కేఫాయిడ్ విరిగిందేమోనని అనుమానించాలి. స్కేఫాయిడ్‌కు రక్తం ఎక్కువగా వేళ్ల వైపు కొస నుంచి వెనక్కి వస్తుంది. ఆ ఎముక మధ్యలో సన్నటి భాగం దగ్గర విరిగితే ముంజేతి వైపు ముక్కకు రక్తం అందక అది చచ్చిపోయే ప్రమాదం ఉంది.

ఏడో పాఠం: మూడు నరాలు

చేతికి ముఖ్యమైన నరాలు మూడు: రేడియల్, మీడియన్, అల్నార్. స్పర్శ పరీక్షకు ఒక్కో నరానికి ఒక్కో చోటు చాలు. చూపుడువేలి కొస మీడియన్, చిటికెన వేలి కొస అల్నార్, చేతి వెనక బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం రేడియల్. మోచెయ్యి గోడకు తగిలినప్పుడు చిటికెన వేలి దాకా జివ్వుమనేది మీడియల్ ఎపికాండైల్ వెనక ఎముకకు ఆనుకుని వెళ్లే అల్నార్ నరం.

బలానికి: మణికట్టు పైకి ఎత్తగలిగితే రేడియల్ బాగున్నట్టు. అది పాడైతే చెయ్యి వేలాడిపోతుంది. బొటనవేలి కొసతో చూపుడువేలి కొస కలిపి గుండ్రంగా సున్నా చుట్టగలిగితే మీడియన్ కొమ్మ పనిచేస్తున్నట్టు. వేళ్లు విప్పి, వాటి మధ్య పెట్టిన కాగితం లాగినా జారకుండా పట్టుకోగలిగితే అల్నార్. మూడు పరీక్షలూ కలిపి నిమిషం పట్టవు.

ఛాతీ: పక్కటెముకలు లెక్కపెట్టడం

మొదటి పక్కటెముక క్లావికల్ చాటున ఉంటుంది, అక్కణ్ణుంచి లెక్కపెడితే తప్పడం ఖాయం. గొంతు గుంట నుంచి సుమారు 5 సెంటీమీటర్లు కిందికి జారితే స్టెర్నమ్ (రొమ్ము ఎముక) మీద అడ్డంగా చిన్న గట్టు తగులుతుంది. అదే స్టెర్నల్ యాంగిల్. దానికి పక్కన అతుక్కున్నది రెండో పక్కటెముక. దాని కింద సందు రెండో సందు. అక్కణ్ణుంచి పక్కకు జరుగుతూ ఒక్కో సందు దిగండి. ఎడమ అయిదో సందులో, క్లావికల్ మధ్య నుంచి దించిన గీత దగ్గర గుండె కొస కొట్టుకోవడం తగులుతుంది. తగలకపోతే ఎడమ పక్కకు కాస్త ఒరగండి.

ఈసీజీ తీసేవాళ్లకు ఛాతీ మీద ఎలక్ట్రోడ్లు (వి1, వి2 లాంటివి) అంటించడానికి ఈ లెక్కే ప్రాణం. వి1, వి2 స్టెర్నమ్‌కు అటూ ఇటూ నాలుగో సందులో. వి4 అయిదో సందులో క్లావికల్ మధ్యగీత మీద. వి3 రెండుకూ నాలుగుకూ మధ్యలో. వి1, వి2లను ఒక సందు పైన పెట్టేస్తే కాగితం మీద లేని జబ్బు ఉన్నట్టు కనిపించొచ్చు.

మేక గుండెకాయ: ఒక్క పొడుగు పాఠం

దీనికి ముప్పావు గంట కావాలి. మటన్ షాపులో పొద్దున్నే, గుండెకాయ కోయకుండా, పైన గొట్టాలతో సహా కావాలని ముందే చెప్పండి. లేకపోతే గొట్టాలు మొదలంటా కోసేసి ఇస్తారు, సగం పాఠం పోతుంది. గ్లోవ్స్, కత్తెర, ఒక ట్రే. చన్నీళ్లతో లోపలి గడ్డలు కడగండి.

కోయకముందు రెండు పనులున్నాయి. మొదట, ఏది ముందు వైపో చూసుకోండి. ఏటవాలుగా కొవ్వు గీత ఉన్న వైపు ముందు. ఆ గీతకు రెండు పక్కలా నొక్కండి: మెత్తగా లొంగేది కుడి జఠరిక, గట్టిగా ఉన్నది ఎడమ జఠరిక. కొస ఎడమదే. తర్వాత పల్మనరీ గొట్టంలోకి పైనుంచి నీళ్లు పోయండి. గొట్టం తగినంత పొడుగు ఉంటే, కవాటం రేకలు ఉబ్బి మూసుకుని నీళ్లు నిలుస్తాయి. ఇది ఒక్కసారి చూస్తే కవాటం అంటే ఏంటో మళ్లీ చదవక్కర్లేదు.

ఇప్పుడు పల్మనరీ గొట్టంలోకి కత్తెర పెట్టి, కొవ్వు గీతకు సెంటీమీటరు కుడిగా, దాని వెంటే కిందికి కోయండి. కుడి కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండే ట్రైకస్పిడ్ కవాటం, దాన్ని కండకు కట్టేసిన తెల్ల దారాలు కనిపిస్తాయి. ఆ దారాలు కవాటాన్ని తెరవడానికి కాదు, జఠరిక ముడుచుకున్నప్పుడు రేకలు వెనక్కి తిరగబడకుండా ఆపడానికి. రెండో కోత ఎడమ కర్ణిక నుంచి ఎడమ అంచు వెంట కొస దాకా. రెండు గోడల మందం పక్కపక్కన పెట్టి కొలవండి. ఎడమది మూడు రెట్ల దాకా ఉంటుంది. కుడి గుండె పక్కనున్న ఊపిరితిత్తులకు తోస్తే చాలు, ఎడమది ఒళ్లంతటికీ తోయాలి. చివరగా ఎడమ జఠరికలోంచి, మైట్రల్ కవాటం (ఎడమ కర్ణికకూ జఠరికకూ మధ్య ఉండేది) ముందు రేక వెనకగా పెన్సిల్ తోస్తే అయోర్టా (ఒళ్లంతటికీ రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని)లోకి వస్తుంది. దాన్ని చీలిస్తే కవాటం పైనే గుండె కండకు రక్తం తీసుకెళ్లే కరొనరీ ధమనుల రంధ్రాలు ఉంటాయి.

ఒక హెచ్చరిక. మేకలో అయోర్టా ఒంపు నుంచి తలకూ ముందుకాళ్లకూ ఒకే పెద్ద కొమ్మ వెళ్తుంది, మనిషికి మూడు విడివిడి కొమ్మలు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలన్ జంతువులను కోసి రాసినదాన్నే మనిషి శరీరమని వైద్యులు వెయ్యేళ్లకు పైగా నమ్మారు. అనాటమీ పండితుడు వెసాలియస్ మనుషుల శవాలు కోసి చూసి, 1543లో ఆ తప్పులు ఎత్తిచూపాడు. కాబట్టి గదులు, కవాటాలు మేక దగ్గర, కొమ్మల లెక్క మనిషి బొమ్మ దగ్గర. పాఠం అయ్యాక దాన్ని వండకండి, కవరులో కట్టి పారేసి, ట్రేను సబ్బుతో, తర్వాత బ్లీచింగ్ నీళ్లతో కడగండి. మాంసం ముట్టనివాళ్లు ప్లాస్టిక్ మోడల్‌తో కానివ్వొచ్చు, గోడల మందం తేడా మాత్రం చేతికి తెలియదు.

వీపు, పొట్ట, కాలు

వీటిని ఒక్కో పాఠంలో ముగించొచ్చు. తల ముందుకు వంచితే మెడ మొదట్లో బాగా పొడుచుకొచ్చేది సాధారణంగా ఏడో మెడ పూస. నడుం మీద చేతులు పెట్టినప్పుడు తగిలే తుంటి గట్ల పై అంచులను కలిపితే నాలుగో నడుం పూస. పెద్దవాళ్లలో వెన్నుపాము మొదటి నడుం పూస దగ్గరే ముగుస్తుంది, అందుకే వెన్ను నీరు తీసే సూది ఈ గీత దగ్గర గుచ్చుతారు. పొట్టలో: తుంటి ముందు మొనకూ బొడ్డుకూ కుడివైపు గీత గీసి, మొన నుంచి మూడో వంతు దగ్గర చుక్క పెడితే అపెండిక్స్ మొదలు ఉండే చోటు.

కాలిలో మోకాలి బయటివైపు, కాస్త కింద తగిలే ముడి ఫిబులా తల. దాని కిందే కామన్ పెరోనియల్ నరం ఎముకను చుట్టి చర్మం కిందే వెళ్తుంది. పిండికట్టు అక్కడ బిగిస్తే పాదం పైకి ఎత్తలేరు. కట్టు వేసిన ప్రతిసారీ బొటనవేలు పైకి ఎత్తమని అడగడం అందుకే. పాదం మీద అలా ఎత్తినప్పుడు లేచే టెండాన్‌కు బయటి పక్కన నాడి దొరుకుతుంది, షుగర్ రోగుల కాళ్లు చూసేటప్పుడు మొదట వెతికేది దాన్నే.

మళ్లీ చదవడం

ప్రతి పాఠాన్నీ మర్నాడు, నాలుగో రోజు, వారానికి, మూడు వారాలకు ఒకసారి తెల్ల కాగితం మీద ఖాళీ నుంచి గీయండి. గీశాకే పుస్తకం తెరవండి. తప్పు వచ్చిన చోట ఎర్ర పెన్నుతో సరిచేసి, ఆ పేజీకి తేదీ వేసి ఉంచండి. మళ్లీ అదే చోట తప్పితే చదవడం ఆపి, ఒంటి మీద మళ్లీ తడమండి. తోటి విద్యార్థి ఉంటే ఇద్దరూ మార్చి మార్చి పరీక్షించుకోండి: ఒకరు ఒంటి మీద చోటు చూపిస్తే, రెండోవాళ్లు అక్కడ చర్మం నుంచి ఎముక దాకా వరసగా ఏమేం ఉన్నాయో చెప్పాలి. నాడి, పక్కటెముకల లెక్క సన్నటి మనిషి మీద వచ్చాక, ఒళ్లున్న మనిషి మీదా, ముసలివాళ్ల మీదా, వాళ్లను అడిగి ఒప్పుకుంటేనే, చేసి చూడండి. వార్డులో మీ ముందుకొచ్చే ఒళ్లన్నీ పుస్తకంలో బొమ్మలా ఉండవు.